గురువారం పలకలో మిగిలిన గుంటలు

కిటికీ

మధ్యాహ్నం భోజనం చేసి కాసేపు నడుం వాలిస్తే ఇప్పటికీ నాకు ఒకటే కిటికీ కనిపిస్తుంది. దవాఖానలో రక్తపరీక్షల గది కిటికీ అది. బయట నల్లరాతి గుట్ట, దాని మీద ఎండ. లోపల కర్ర స్టాండులో వరుసగా గాజు గొట్టాలు. రక్తం గడ్డకట్టి అడుగుకు దిగాక పైన తేరిన నీరు పల్చటి బెల్లం పానకం రంగులో ఉంటుంది. మూడు దాటాక ఎండ గుట్ట మీద నుంచి జారి ఆ గొట్టాల్లోకి వచ్చేది. సున్నం గోడ మీద పసుపుపచ్చటి మచ్చలు మెల్లగా కదిలేవి. ఏ మచ్చ ఎవరిదో చెప్పలేం. పటేలుదీ, బీడీలు చుట్టే ఆమెదీ, ఆటో నడిపే కుర్రవాడిదీ అన్నీ ఒకే రంగు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న ఇద్దరు ముగ్గురు టెక్నీషియన్లు మీ కాలంలో ఎలా ఉండేదని నన్ను అడిగారు. ఏ ఏడు ఎక్కడికి బదిలీ అయిందీ, ఎప్పుడు జీతం పెరిగిందీ రాస్తే వాళ్లకు ఉపయోగం లేదు. నేను చేసిన ఒక తప్పు రాస్తాను. దవాఖాన పేరు రాయను. మనుషుల పేర్లు మార్చాను. ఇందులో ముఖ్యమైన మనిషికి ఇదంతా ముందే చదివి వినిపించాను. అతను వద్దన్నవి తీసేశాను.

నా గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే తప్పు అర్థం కాదు. దేవరకొండ వైపు మాది గడీ ఉన్న ఇల్లు. మా తాత కాలానికి ఊళ్లు ఉన్నాయి, మా నాయిన కాలానికి గోడలు మిగిలాయి, నా కాలానికి ఇంటిపేరు మిగిలింది. నేను ల్యాబ్ టెక్నీషియన్ చదువుకొని ఉద్యోగంలో చేరినప్పుడు మా అమ్మ వారం రోజులు మాట్లాడలేదు. పరాయి వాళ్ల ఉమ్మి, నెత్తురు ముట్టుకునే కొలువా అని ఆమె బాధ. అన్నం వడ్డించేటప్పుడు నా చేతుల వంకే చూసేది. అందుకేనేమో నేను తెల్లకోటును గంజి పెట్టించి, ఇస్త్రీ చేయించి, మెడ దాకా గుండీలు పెట్టుకొనేవాణ్ని. దవాఖానలో నా వెనక నన్ను ఇస్త్రీ దొర అనేవాళ్లు. నాకు తెలుసు. నాకు అది నచ్చేది కూడా.

ఖాదర్ సాబ్

ఎనభైలలో మొదటి పోస్టింగు మహబూబ్‌నగర్ వైపు. పని చాలావరకు మలేరియా స్లైడ్లు. ఎక్కడెక్కడో కాలువలు తవ్వడానికి పోయిన పాలమూరు కూలీలు జ్వరాలతో తిరిగి వచ్చేవాళ్లు. పొద్దంతా సూక్ష్మదర్శినిలో చూసి చూసి కళ్లు మూసుకుంటే మలేరియా క్రిముల ఊదారంగు చుక్కలు ఈదేవి. బస్సులో ఇంటికి పోతున్నప్పుడు ఎర్రటి చెలక నేలల మీద కూడా అవే చుక్కలు కనిపించేవి.

నా పైవాడు ఖాదర్ సాబ్. పళ్లు లేవు, మాట మెత్తన. చేరిన మొదటి రోజు నేను ముత్యాల్లాంటి అక్షరాలతో స్లైడు మీద రోగి పేరు, ఊరు, తండ్రి పేరు రాశాను. ఆయన స్పిరిటు దూదితో మొత్తం తుడిచేసి నంబరు వేశాడు.

"పేరు రాస్తే నీ కంటికి మనిషి కనబడతడు బేటా, చుక్క కనబడదు," అన్నాడు. "మంచోడు అనుకుంటే చుక్క లేదంటవు. గలీజోడు అనుకుంటే లేని చుక్క చూస్తవు."

ఇది మీరు ఇప్పుడు పుస్తకాల్లో చదువుతారు. ఆయన పుస్తకం చదవలేదు. ఆ మాట నేను గొట్టాల విషయంలో ముప్ఫై ఏళ్లు పాటించాను. గొట్టానికి నంబరు వేస్తే సరిపోదని, నోటి మాటలో కూడా పేరు రాకూడదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఎర్ర సిరా

తొంభైల మొదట్లో నల్గొండ వైపు దవాఖానకు వచ్చాను. అప్పటికే ఎక్కించే రక్తానికి హెచ్‌ఐవీ పరీక్ష చేయాలన్న ఉత్తర్వు వచ్చింది. పరీక్ష వారానికొకసారి, గురువారం, ఒక ప్లాస్టిక్ పలకలో చేసేవాళ్లం. పలకలో చిన్న చిన్న గుంటలు వరుసలుగా ఉంటాయి. ఒక్కో గుంటలో ఒక్కొక్కరి సీరం, అంటే రక్తం పైన తేరిన ఆ నీటి చుక్క. రసాయనాలు పోసి, కడిగి, మళ్లీ పోసి, రెండు మూడు గంటలు ఆగాలి. జబ్బు ఉన్న గుంట పసుపు తిరుగుతుంది. లేని గుంట నీళ్లలా ఉండిపోతుంది. రంగు వస్తే హైదరాబాదుకు పంపి ఇంకోసారి చేయించి గానీ మాట చెప్పకూడదు.

మా సూపరింటెండెంటు చెడ్డవాడు కాదు, భయస్తుడు. జబ్బు తేలిన వాళ్ల కేసుషీటు మీద ఎర్ర సిరాతో పెద్ద గుండ్రం చుట్టించేవాడు. స్టాఫు జాగ్రత్త కోసమని ఆయన ఉద్దేశం. ఆ షీటు మంచానికి వేలాడేది. సాయంత్రానికి వార్డంతా తెలిసిపోయేది. ఊడ్చే ఆమె ఆ మంచం కింద ఊడ్చేది కాదు, పక్క మంచం వాళ్లు గోడ వైపు జరిగేవాళ్లు. నేను నా గదిలో ఎర్ర సిరా పెట్టనివ్వలేదు. ఒకసారి ఆయనతో గొడవ కూడా పడ్డాను. దానికి నన్ను నేను చాలా మెచ్చుకున్నాను. తప్పు చేసే ముందు మనిషి తనను తాను ఎంత మెచ్చుకుంటాడో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

"గ్రూపు మారిందేమో చూడుర్రి"

సైదులుకు అప్పుడు ఇరవై మూడేళ్లు. చిట్యాల నుంచి నల్గొండకు కిరాయి ఆటో నడిపేవాడు. మా ఊరివాడే. వాళ్ల నాయిన లింగయ్య మా గడీలో జీతగాడిగా ఉన్నవాడు. ఒక గురువారం పొద్దున వచ్చి లైసెన్సు కోసం రక్తం గ్రూపు కార్డు కావాలన్నాడు. చేసి ఇచ్చాను. కార్డు తీసుకున్నాక కూడా బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాడు. పన్నెండింటికి లేచి వెళ్లిపోయాడు.

మూడు నెలలకు మళ్లీ వచ్చాడు. మళ్లీ గ్రూపు కార్డే అడిగాడు. పాత కార్డు ఏదంటే జేబులోంచి తీసి చూపించాడు. రక్తం గ్రూపు పుట్టినప్పుడు ఎలా ఉంటుందో చచ్చేదాకా అదే ఉంటుందని కాస్త గట్టిగానే చెప్పాను.

"మారదా సార్?" అన్నాడు. "జర ఇంకొకపారి చూడుర్రి. మారిందేమో."

నవ్వుతూనే అన్నాడు గానీ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. అతను వచ్చింది గ్రూపు కోసం కాదు, పలక పరీక్ష కోసమని అప్పుడు అర్థమైంది. తలుపు వేసి, పద్ధతి ప్రకారం అడగవలసినవి అడిగాను. ఆడవాళ్ల దగ్గరికి పోతావా అని అడిగాను. లేదన్నాడు. మరి భయం దేనికన్నాను. అతను కిటికీ లోంచి గుట్ట వైపు చూశాడు.

"పోయేటోళ్లందరు ఆడోళ్ల దగ్గరికే పోతరా సార్?"

ఆ మాట అర్థం కావడానికి నాకు ఒక నిమిషం పట్టింది. మగవాణ్ని ప్రేమించే మగవాడి గురించి చెప్పడానికి ఆ రోజుల్లో నా దగ్గర ఒక్క మర్యాదైన మాట లేదు. ఉన్నవన్నీ తిట్లే. అందుకని చేతి తొడుగులు వేసుకున్నాను. ఆ రోజుల్లో తొడుగులు కడిగి మళ్లీ వాడుకునేవాళ్లం కాబట్టి అన్నిటికీ వేసుకునేవాళ్లం కాదు. సైదులు నా చేతుల వంక చూసి, "నాకే ఏస్తున్నరేంది సార్, పెండ్లికొడుకునా?" అన్నాడు. నేను నవ్వలేదు. నవ్వి ఉండాల్సింది.

గురువారం పలకలో దవాఖాన నమూనాలు పోగా ఎప్పుడూ కొన్ని గుంటలు మిగిలేవి. పలక తెరిస్తే అవి వృథాయే. వాటిలో ఒకటి సైదులుకు ఇచ్చాను. సూపరింటెండెంటును అడిగితే మిగిలినవేగా, కానివ్వు అన్నాడు. రంగు రాలేదు. జబ్బు ఒంట్లోకి వచ్చినా మూడు నెలల దాకా పరీక్షకు దొరక్కపోవచ్చని, అందుకే మళ్లీ రావాలని చెప్పాను. అతను వచ్చాడు. తర్వాత అతని స్నేహితులు వచ్చారు. బ్యాండు మేళంలో క్లారినెట్ ఊదే అతను ఒకడు, డిగ్రీ ఆఖరు ఏడు చదివే అతను ఇంకొకడు, అలా అరడజను మంది. అందరూ ఇరవై దాటినవాళ్లే. అందరూ అదే మాట అనేవాళ్లు, గ్రూపు మారిందేమో చూడుర్రి సార్ అని. చీటీలు రాసే గుమస్తా ఈ ఊరి పిల్లలకు రక్తం కూడా నిలకడగా ఉండదేమిటయ్యా అని ఆశ్చర్యపోయేవాడు.

గురువారాలు నాకు కలలా గుర్తున్నాయి. రంగు కోసం ఆగే ఆ రెండు గంటలు వాళ్లు వరండాలో బెంచీ మీద కూర్చునేవాళ్లు, నేను లోపల. క్లారినెట్ అతను ఊదకుండా వేళ్లు మాత్రం ఆడించేవాడు, ఒళ్లో కనిపించని వాయిద్యం ఉన్నట్టు. ఫ్యాను తిరిగేది, పలక మీద వెలుగు పడేది. ఒక్కోసారి నాకు కునుకు పట్టేది. అన్ని గుంటల్లోనూ ఆకాశం కనిపిస్తున్నట్టు ఉండేది.

డిగ్రీ అతను ఒకసారి సూటిగా అడిగాడు, మందు లేని జబ్బుకు పరీక్ష ఎందుకని. తెలిసి ఉండటం మంచిదని ఏదో గంభీరంగా చెప్పాను. అది జవాబు కాదు. ఇప్పుడైతే మందులున్నాయి, జబ్బు ఉన్నా నిండు జీవితం బతకవచ్చు, మీ పని సులువు. అప్పుడు కూడా ఒక జవాబు ఉంది. జబ్బుతో పాటు వచ్చే క్షయకు వైద్యం ఉంది. ప్రేమించిన మనిషికి అంటకుండా చూసుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఆ పిల్లల్లో చాలామంది జబ్బు లేకుండానే ఉన్నట్టు బతుకుతున్నారు. తిండి సహించక, నిద్రపట్టక, అద్దంలో నాలుక చూసుకుంటూ. నీళ్లలా ఉన్న గుంటను చూపిస్తే వాళ్ల ముఖాలు మారడం నేను చూశాను.

సీతాఫలాలు

వానలు వెనకబట్టాక ఒక ఉదయం లింగయ్య నా గదికి వచ్చాడు. చంకలో సీతాఫలాల బుట్ట, చేతిలో చెప్పులు. నా ముందు అతను ఎప్పుడూ చెప్పులు తొడుక్కోలేదు, కూర్చోలేదు. వద్దని నేనూ ఎప్పుడూ అనలేదు. అది కూడా రాయాలి.

సైదులుకు సంబంధం చూస్తున్నారట. పిల్ల తరఫువాళ్లు వెనక్కి తగ్గుతున్నారట. హైవే మీద బండ్లు తిప్పేవాళ్లకు ఆ జబ్బు ఉంటుందని ఎవరో వాళ్ల చెవిన వేశారట. సైదులేమో పెళ్లే వద్దంటున్నాడట. పిల్లవాడికి ఏమైనా ఉందేమోనని లింగయ్యకు తిండి సహించడం లేదు. ఇదంతా చెప్పి, "మీరు పెద్ద దవాఖానల ఉన్నరు దొరా, మీకు తెల్వదా?" అన్నాడు.

నేను అబద్ధం చెప్పే మనిషిని కాను. తెలియదు అనడం కూడా అబద్ధమే అనిపించింది. ఇంకొకటి కూడా ఉంది. ఆ దొరా అన్న పిలుపు వినగానే నాలో మా తాత లేచి కూర్చున్నాడు. మా ఊరివాడు, మా గడీ మనిషి, అతని కొడుకు మీద ఎవడో నింద వేస్తే తీర్పు చెప్పాల్సింది నేనేనని అనిపించింది. నంబరు, ఖాదర్ సాబ్, ఏమీ గుర్తుకు రాలేదు.

"ఎవడన్నడు?" అన్నాను. "వాని రక్తం నేను చూసిన. ఒకసారి గాదు, మూడుసార్లు చూసిన. శుభ్రంగున్నది."

లింగయ్య ముఖం వెలిగింది. బుట్ట కింద పెట్టాడు. తర్వాత ఆ వెలుగు అలాగే ఆగిపోయింది.

"మూడుపార్లా దొరా?"

అవునన్నాను.

"ఒక్కపారి అంటే ఏదో అనుమానం అనుకుంట. మూడుపార్లు ఎందుకు చేపించుకున్నడు?"

తేలిక చేద్దామని, వాడొక్కడే కాదు, వాని దోస్తులు కూడా చేయించుకుంటారు, అదేమంత పెద్ద విషయం కాదు అన్నాను. ఆ ఒక్క వాక్యం కూడా అనకపోయి ఉంటే ఎంత మిగిలేదో ఇప్పటికీ లెక్క తేలదు. సైదులు గురించి, ఆ స్నేహితుల గురించి ఊళ్లో అప్పటికే గుసగుసలు ఉన్నాయి. లింగయ్య వాటిని నమ్మకుండా నెట్టుకొస్తున్నాడు. నేను రెండు ముక్కలూ కలిపి అతని చేతిలో పెట్టాను. అతను బుట్టను నా బల్ల కిందికి జరిపి, సీతాఫలాలు పండినాయి, రెండు రోజుల్ల తినుర్రి అని చెప్పి వెళ్లిపోయాడు.

చూరులో గ్లాసు

తర్వాత జరిగింది నాకు రజియా సిస్టర్ చెప్పింది. మా దవాఖానలో పాత నర్సు, నాకంటే రెండేళ్లు పెద్ద. ఆమె చెల్లెలి ఇల్లు మా ఊరి పక్కనే. సైదులు మంచం పశువుల కొట్టంలో వేశారు. తిండి ఒక పళ్లెంలో వేరుగా పెట్టారు. నీళ్లకు ఒక గ్లాసు ఇచ్చి, తాగాక కడిగి చూరులో దోపమన్నారు. జబ్బు లేదని తెలిశాకే ఇదంతా. పిల్ల తరఫువాళ్లు పోయారు. ఆటో యజమాని బండి తీసేసుకున్నాడు. పది రోజులకు సైదులు ఊరు విడిచిపెట్టాడు.

చూరులో గ్లాసు అనగానే నాకు కళ్ల ముందు పొగ కమ్మినట్టయింది. ఆ పొగలో మా గడీ వెనక వసారా కనిపించింది. తాటాకు చూరులో దోపిన సొట్టల సత్తు గ్లాసు. లింగయ్యది. నా చిన్నప్పుడు నేను దాన్ని తీసి ఆడుకుంటే మా అవ్వ నా చేతులు బూడిదతో కడిగింది. మనిషిని దూరం పెట్టడం లింగయ్యకు ఎవరు నేర్పారో నేను ఎక్కడా వెతకనక్కర లేదు.

గురువారం బెంచీ ఖాళీ అయింది. క్లారినెట్ అతను రాలేదు, డిగ్రీ అతను రాలేదు. పలకలో గుంటలు మిగిలేవి, నేను వాటిని ఖాళీగానే వదిలేసేవాణ్ని. సైదులు ఆఖరిసారి వచ్చినప్పుడు తను ప్రేమించే మనిషికి ఒంట్లో బాగుండటం లేదని చెప్పాడు. అంటే ఈసారి పరీక్ష మిగతా మూడింటిలా కాదు, తప్పకుండా చేయవలసినది. దాని గడువు వచ్చింది, దాటింది కూడా. అతను ఎక్కడున్నాడో తెలియదు.

రజియా సిస్టర్ నన్ను నెల రోజులు ఏమీ అనలేదు. ఒకరోజు టీ తాగుతూ అంది.

"మీరు అబద్ధం చెప్పరు రావు సాబ్, బాగనే ఉన్నది. కాని గా నిజం చెప్పుమని మిమ్ముల ఎవరడిగిన్రు?"

లింగయ్య అడిగాడన్నాను.

"లింగయ్యది నెత్తురా?" అంది.

ఎర్ర సిరా మీద సూపరింటెండెంటుతో నేను పడ్డ గొడవ గుర్తొచ్చింది. ఆయన కాగితం మీద గుండ్రం చుట్టాడు. నేను నోటితో చుట్టాను.

నందికొండ

సైదులు నందికొండలో ఉన్నాడని క్లారినెట్ అతను చెప్పాడు. ఒక పెళ్లి ఊరేగింపులో అతను కనిపిస్తే వెనకాలే నడిచి అడిగాను. తెల్లచొక్కా, ఇస్త్రీ ప్యాంటుతో బ్యాండు వెంట నడుస్తుంటే జనం నేను పిల్ల మేనమామ అనుకున్నారు. పాట అయ్యేదాకా అతను నోటి నుంచి వాయిద్యం తీయలేదు. తీశాక ఒక్క మాటే, నందికొండ అన్నాడు.

ఆదివారం బస్సెక్కాను. గొట్టాలు, సూదులు ఉన్న పెట్టె ఒళ్లో పెట్టుకున్నాను. నల్గొండ దాటాక రాతినేల, తుమ్మ చెట్లు, మళ్లీ రాతినేల. చాలాసేపటికి ఒక్కసారిగా డ్యాము, దాని వెనక అంత నీరు. గుట్టల మధ్య ఆ నీటిని చూస్తే మెలకువగా ఉన్నానా అని అనుమానం వచ్చేది నాకెప్పుడూ. చేపలు పట్టేవాళ్ల పాకల దగ్గర సైదులు నైలాను వల కుడుతున్నాడు. ఎండకు నల్లబడ్డాడు. నన్ను చూసి లేవలేదు.

నేను మా ఇంట్లో ఎవరూ ఎవరినీ క్షమాపణ అడగ్గా వినలేదు. ఎలా మొదలుపెడతారో తెలియదు. దాహంగా ఉంది, నీళ్లు ఇస్తావా అన్నాను.

"గ్లాసు ఒక్కటే ఉన్నది సార్. నేను తాగేది," అన్నాడు.

పర్వాలేదన్నాను.

"మీకు పర్వలేదు. మీరు తాగినంక నేను కడుక్కోవాలె."

పక్క పాకలో ఎవరో నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు, కానీ నీళ్లు ఇచ్చాడు. తాగి, నీటి అంచుకు పోయి ఆ గ్లాసు నేనే కడిగాను. తిరిగి వచ్చి చెప్పాను. తప్పు నాది, మంచి మాట అనుకొని చెప్పాను, చెప్పే హక్కు నాకు లేదు, మీ నాయిన నన్ను దొరా అంటే దొరననుకున్నాను అని. అతను వల కుడుతూనే విన్నాడు. గాలికి నీళ్లు మెరుస్తుంటే ముఖం సరిగ్గా కనిపించలేదు.

పరీక్ష గడువు దాటిందని, పెట్టె తెచ్చానని చెప్పాను. అతను సూది ఆపాడు.

"మీరు చేయించుకున్నరా సార్?"

నేనెందుకు అన్నాను.

"ఇన్నేండ్ల సంది గీ సూదులతోనే ఉంటిరి. ఒక్కపారన్న గుచ్చుకోలేదా?"

చాలాసార్లు గుచ్చుకుంది. ఒకసారి, తర్వాత జబ్బు తేలిన మనిషి నమూనా తీసిన సూదే గుచ్చుకుంది. వేలు కడుక్కొని ఎవరికీ చెప్పలేదు. ఎందుకు పరీక్ష చేసుకోలేదని అప్పుడు మొదటిసారి ఆలోచించాను. భయం ఉంది, నిజమే. కానీ అంతకంటే ముందు, ఆ పలకలో నా సీరం ఉండటం నాకు తగదనుకున్నాను. అది వాళ్లకు. ఈ పిల్లలకు, లారీ డ్రైవర్లకు. నాకు కాదు.

"మీ చుక్క నా పక్క గుంటల ఎయ్యుర్రి," అన్నాడు సైదులు. "మీ చీటీ ముందు నాకియ్యుర్రి. నేను చూస్త. గట్లయితేనే చెయ్యి చాపుత."

ఒప్పుకున్నాను. అతను చెయ్యి చాపాడు. ఈసారి తొడుగులు వేసుకుంటూ, ఇకనుంచి అందరికీ వేసుకుంటున్నాను, పెండ్లికొడుకులు ఎక్కువైపోయారు అన్నాను. అప్పుడు నవ్వాడు.

రెండు చీటీలు

నా రక్తం రజియా సిస్టర్ తీసింది. నరం దొరక్క మూడుసార్లు తట్టింది. "దొర నరం గూడ అందరి లెక్కనే దాసుకుంటున్నది," అంది. గురువారం పలకలో నా చుక్క, సైదులు చుక్క పక్కపక్కన వేశాను. నంబర్లు మాత్రమే రాశాను.

ఆ రెండు గంటలు నేను లోపల కూర్చోలేకపోయాను. పలకను రజియా సిస్టర్‌కు అప్పగించి వరండాలో ఆ పిల్లల బెంచీ మీద కూర్చున్నాను. అక్కడి నుంచి ఆ గది ఎలా ఉంటుందో నాకు అంతకుముందు తెలియదు. తలుపు కింద నుంచి స్పిరిటు వాసన వస్తుంది. లోపల ఎవరు దగ్గినా మన గురించే అనిపిస్తుంది. నా వేళ్లు ఒళ్లో వాటంతట అవే కదలడం చూసి క్లారినెట్ అతను గుర్తొచ్చాడు. మీరు ఈ పనిలోకి వచ్చేముందు ఒక్కసారి ఆ బెంచీ మీద కూర్చోండి. ఏ శిక్షణలోనూ అది లేదు.

తర్వాతి ఆదివారం రెండు కవర్లతో నందికొండ పోయాను. నా కవరు సైదులు చేతిలో పెట్టాను. విప్పి చదివాడు, మళ్లీ మడిచాడు, నాకిచ్చాడు.

"మీ ముచ్చట నా దగ్గర్నే ఉంటది సార్. మంచిదైనా, చెడ్డదైనా," అన్నాడు.

తర్వాత తన కవరు తీసుకొని నీటి దాకా నడిచిపోయి, అక్కడ విప్పుకున్నాడు. నేను వెనక్కి తిరిగి గుట్టల వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆ మరుసటి నెల బెంచీ మళ్లీ నిండింది. నా చుక్క మూడు నెలలకొకసారి వాళ్ల వరుసలోనే పడేది, రిటైరయ్యేదాకా. గుమస్తా నన్ను కూడా, మీ గ్రూపు మారిందా సార్ అని ఏడిపించేవాడు.

నా చీటీలో ఏముందో చెప్పవచ్చు, అది నాది. జబ్బు లేదు. సైదులు చీటీలో ఏముందో మీకు చెప్పను.

ఎండాకాలం వచ్చాక లింగయ్య మళ్లీ వచ్చాడు. చేతిలో బుట్ట లేదు, చెప్పులు ఉన్నాయి. గుమ్మం దగ్గర నిలబడి అడిగాడు. కొడుకుకు మళ్లీ పరీక్ష జరిగిందని ఎవరో చెప్పారట. ఏం తేలిందని.

నేను లేచి నా కుర్చీ జరిపి అతని ముందు పెట్టాను. అతను ఒప్పుకోలేదు. భుజం పట్టి కూర్చోబెట్టాను. నేను నిలబడ్డాను.

"నాకు తెలుసు లింగయ్యా," అన్నాను. "చెప్ప. వాణ్ని అడుగు."

"నాకు చెప్తడా దొరా?"

"సారు అను. చెప్తడో లేదో నాకు తెల్వదు. పోయి అడుగు."

అతను చాలాసేపు కూర్చున్నాడు. ఎండ గుట్ట మీద నుంచి జారి గొట్టాల్లోకి వచ్చింది, గోడ మీద పసుపు మచ్చలు కదిలాయి. అతను వాటినే చూస్తున్నాడు. అందులో ఒకటి తన కొడుకుదేమో అనుకున్నాడేమో, నాకు తెలియదు. తర్వాత వంగి, నా ముందే, చెప్పులు తొడుక్కున్నాడు. లేచి, నందికొండ బస్సు ఎక్కడ ఆగుతదని అడిగాడు.